అక్క తాగిన పొడి

ధర్మవరంలో జరీ, పట్టునూలు అమ్మే రాజేంద్ర అంగడిలో మధ్యాహ్నంపూట అతని భార్య లక్ష్మీప్రసన్న కూర్చుంటుంది. మగ్గాలవాళ్ళు భోజనాలకు పోయే ఆ వేళకు బేరాలు పెద్దగా ఉండవు. ఆ రోజు ఆమె జరీ రీళ్ళను పెట్టెల్లో సర్దుతూ ఉండగా బెంగళూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కిడ్నీ దాతల పరీక్షల వ్యవహారం చూసే అమ్మాయి చేసింది.

"మేడం, మొన్న మీరిచ్చిన రక్తం రిపోర్టులు వచ్చాయి. డాక్టరుగారు మీతో మాట్లాడాలంటున్నారు. సోమవారం రాగలరా?"

"ఏమన్నా తేడా ఉండాదామ్మా?"

"ఆవిడే చెప్తారండి."

ఫోన్ పెట్టేశాక చేతిలోని రీలు పెట్టెలో వేయబోయి కింద పడేసింది. అది దొర్లుకుంటూ గడప దాకా పోయింది. ఆమె లేచి తీసుకోలేదు. తేడా ఏమిటో ఆమెకు తెలియదు. ఎందుకు వచ్చి ఉంటుందో మాత్రం తెలుసనిపించింది.

ఆమె తమ్ముడు భరత్‌కుమార్‌కు సోమందేపల్లెలో హైవే పక్కన బోరు మోటార్లు, డ్రిప్పు పైపుల అంగడి ఉంది. రక్తపోటు ఉన్న సంగతి ఎవరికీ తెలియకుండానే అది అతని రెండు కిడ్నీలనూ తినేసింది. వారానికి మూడుసార్లు పుట్టపర్తికి పోయి డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. తల్లి లలితమ్మ తన కిడ్నీ తీసుకోమని ముందుకొచ్చింది గానీ, ఆమె వయసుకూ రక్తపోటుకూ డాక్టర్లు వద్దన్నారు. భార్య జ్యోతి రక్తం గ్రూపు కలవలేదు. కలిసింది అక్కదొక్కటే.

అయితే లక్ష్మీప్రసన్న చిన్నప్పటినుంచీ ఒళ్ళున్న మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టాక, అంగడిలో కూర్చోవడం అలవాటయ్యాక ఇంకా పెరిగింది. తండ్రి జయరామయ్య చక్కెర జబ్బుతో పోయిన మనిషి. మొదటిసారి చూసినప్పుడే డాక్టరు అనుపమ చెప్పింది: "ఇంత బరువుతో ఆపరేషన్ మీకే ప్రమాదం. పదిహేను కిలోలు తగ్గి రండి. తొందర వద్దు, నిదానంగా తగ్గండి."

నిదానంగా అన్న మాట ఆమె చెవికెక్కలేదు. తమ్ముణ్ణి చూసి వచ్చిన ప్రతిసారీ అతని ముఖం ఇంకొంచెం ఉబ్బినట్టు, ఇంకొంచెం నల్లబడినట్టు కనిపించేది. మర్నాడే స్టేషను రోడ్డులో ఆంజనేయులు నడిపే జిమ్ముకు పోయింది. అతను మంచివాడే. ఆమె ఎందుకు తగ్గాలనుకుంటోందో విని, చాలాసేపు ఆలోచించి, బీరువాలోంచి ఒక డబ్బా తీశాడు.

"అక్కా, తిండి తగ్గిస్తే కొవ్వు కంటే ముందు కండ పోతాది. మీరు కోమట్లు, మాంసం తినరు, గుడ్డు తినరు. ఇంక కండకు బలం యాడినుంచి వస్తాది? ఇది అమైనో ఆసిడ్ పొడి. మనం తిన్న పప్పు కడుపులో అరిగి చివరికి అయ్యేది ఇదే. ఇది తాగితే కండ నిలుస్తాది, కొవ్వు జోరుగా కరుగుతాది."

"చక్కెర కలిపినారా దీంట్లో?"

"అస్సలు లేదు. నేనూ తాగుతాండా గదా."

మొదట పొద్దున ఒక్కసారే తాగింది. బరువు దిగడం చూసి సాయంత్రం కూడా మొదలుపెట్టింది. తర్వాత రాత్రి భోజనం మానేసి దాని బదులు అదే తాగింది. ఒకరోజు రాజేంద్ర ఆ డబ్బా చూసి, "డాక్టరును అడిగినావా?" అన్నాడు. "అడిగినా, తాగమన్నారు," అని చెప్పేసింది. ఆసుపత్రి అమ్మాయి, "మాత్రలు, పొడులు, నాటుమందులు ఏమైనా వాడుతున్నారా?" అని అడిగినప్పుడు, "ఏమీ లేవు," అంది. చెబితే ఆపమంటారు. ఆపితే బరువు ఆగిపోతుంది. బరువు ఆగితే తమ్ముడి ఆపరేషన్ వెనక్కి పోతుంది. ఆమె లెక్క అంతే.

సోమవారం కారులో రాజేంద్రతో పాటు బయల్దేరింది. సోమందేపల్లె దగ్గర భరత్ ఎక్కాడు. చైత్రం ఎండ పొద్దున్నే మాడ్చేస్తోంది. అతను సీసా ఎత్తి నోట్లో నీళ్ళు పోసుకుని, పుక్కిలించి, అద్దం దించి బయటికి ఉమ్మేశాడు. మింగడానికి లేదు, రోజుకు ఇన్ని నీళ్ళని కొలత. మింగకుండా ఉమ్మేసే ఆ క్షణంలో అతని గొంతు కదలడం చూసి ఆమె ముఖం తిప్పుకుంది.

"ఏమక్కా, ముఖం అట్ల పెట్టినావు? పరీక్షకు పోయే పిల్లోని మాదిరి ఉండావు."

"ఏం లేదురా. ఎండ."

డాక్టరు అనుపమ హిందూపురం వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడుతుంది. రిపోర్టు ముందు పెట్టుకుని, ముగ్గురినీ కూర్చోమంది.

"పోయినసారి మీకు పరగడుపు చక్కెర తొంభై నాలుగు. ఇప్పుడు నూట పదిహేడు. గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే నూట డెబ్భై ఆరు. బరువు తగ్గినవాళ్ళకు ఇది దిగాలి. మీకు ఎక్కింది. మీ నాన్నగారికి చక్కెర జబ్బు ఉండేదన్నారు. అందుకని నాకు భయంగా ఉంది."

"అంటే నాకు చక్కెర వచ్చేసినట్టేనా మేడం?"

"ఇంకా రాలేదు. వచ్చే దారిలో ఉన్నారు. ఒక్క కిడ్నీతో బతికే మనిషికి ఆ జబ్బు వస్తే ఆ ఒక్కదాన్నీ పాడుచేస్తుంది. ఇప్పటికైతే మీ ఫైలు పక్కన పెడదాం."

భరత్ నెమ్మదిగా తల ఊపాడు. "అట్లే పెట్టండి మేడం," అన్నాడు.

కిందికి దిగాక రాజేంద్ర కారు తేవడానికి పోబోతుండగా, భరత్ కాలు పట్టేసి స్తంభం ఆసరా చేసుకున్నాడు. డయాలిసిస్ మొదలైనప్పటి నుంచి ఆ నొప్పి ఉన్నట్టుండి వస్తుంది. పిక్క పట్టుకుని, పళ్ళు బిగించి, అది వదిలాక అక్క వైపు చూసి నవ్వాడు.

"పోనీలేక్కా. నా కోసరం ఈ పరీక్షలు చేయించుకోకపోతే నీ చక్కెర సంగతి తెలిసేదే గాదు. నా జబ్బుతో ఒక మేలు జరిగింది అనుకుంటా."

అతను తిట్టి ఉంటే ఆమె భరించేది. ఆ ఓదార్పు మాత్రం భరించలేకపోయింది.

"నేనొక పొడి తాగుతాండారా," అంది. "జిమ్ములో ఇచ్చినాడు. మూడు పూటలా తాగినా. ఈడ అడిగితే లేదని చెప్పినా."

రాజేంద్ర ఆగిపోయాడు. "డాక్టరును అడిగినానంటివి గదా నాతో."

"అడగలేదు."

అతను కారు తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. భరత్ కాలు ఒకసారి విదిలించుకుని నిలబడ్డాడు. "పా, మళ్ళా పైకి పోదాం," అన్నాడు.

"ఏం ముఖం పెట్టుకుని పోయేదిరా?"

"ఉండే ముఖమే. పా."

వాళ్ళను మళ్ళీ చూసి డాక్టరు ఆశ్చర్యపోయింది. దారిలో తాగడానికని లక్ష్మీప్రసన్న ఒక చిన్న సీసాలో పొడి వేసి సంచిలో తెచ్చుకుంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఫోనులో ఉన్న డబ్బా ఫోటో చూపించి, రాత్రి తిండి మానేసిన సంగతీ నిద్ర పట్టని సంగతీ కూడా చెప్పింది. కోప్పడుతుందనుకుంది. డాక్టరు ఆ ఫోటోను పెద్దది చేసి అక్షరం అక్షరం చదివింది.

"లూసిన్, ఐసోలూసిన్, వాలిన్. ఈ మూడూ మన పప్పులో, పాలల్లో ఉండేవే. విషం కాదు. కానీ ఒళ్ళు ఎక్కువగా ఉన్న వాళ్ళలో చాలామందికి రక్తంలో ఇవి ముందే మామూలు కంటే ఎక్కువగా ఉంటాయి. వీటిని ఖర్చు చేసుకునే పని వాళ్ళ ఒంట్లో మందగిస్తుంది. అలాంటప్పుడు పైనుంచి ఇంకా పోస్తే, ఇన్సులిన్ చెప్పిన మాట ఒళ్ళు సరిగా వినదని కొన్ని పరిశోధనల్లో కనబడింది. కొన్నింట్లో ఏ తేడా కనబడలేదు."

"నాకు దీనివల్లే ఎక్కిందా మేడం?"

"చెప్పలేను."

"ఇంక ఎవరు చెప్పగలరు?"

"ఎవరూ చెప్పలేరు. రాత్రి తిండి మానేశారు, నిద్ర సరిగా లేదంటున్నారు, మనసులో ఇంత బెంగ ఉంది. ఇవన్నీ చక్కెరను ఎక్కించేవే. పొడి ఆపి, సక్రమంగా తిని, నడిచి, రెండు మూడు నెలలకు రండి. మళ్ళీ చూద్దాం. అప్పుడు దిగినా అది పొడి ఆపినందుకే దిగిందని రూఢిగా అనలేం." డాక్టరు సీసా పక్కకు జరిపింది. "మీరు పొడి తాగినందుకు నాకు కోపం లేదు. అడిగితే లేదన్నారు, అదే బాధ. ఆపరేషన్ బల్ల మీద మీ తమ్ముడే కాదు, మీరూ పడుకుంటారు. మీ ప్రాణం కూడా నేనే చూడాలి."

ఇంటికొచ్చిన మరుక్షణం లక్ష్మీప్రసన్న డబ్బాలో మిగిలిన పొడిని దొడ్లో కాలువలో పోసి నీళ్ళు కొట్టింది. తీపి వాసన కాసేపు అక్కడే తచ్చాడింది.

పొడి ఆపడం ఒక్క నిమిషం పని. ఆ తర్వాత ఎదురుచూడటమే కష్టమైంది. ఆపిన మొదటి వారాల్లో బరువు దిగకపోగా కొంచెం పెరిగింది. ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి, "కంగారు పడకండి, ఒళ్ళు సర్దుకుంటోంది," అంది. కంగారు పడకుండా ఎలా ఉండగలదు? పొద్దున్నే మగ్గాల వీధి గుండా నడిచేది. లోపల మగ్గాలు టకటకమంటుంటే తన అడుగులు ఆ చప్పుడుకు సరిపోయేలా వేసేది. ఇంటికొచ్చి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ. ఆపైన వేలు పొడుచుకుని చక్కెర చూసుకోవడం. నూట పది వస్తే మళ్ళీ పొడుచుకునేది. నూట ఐదు వస్తే మొదటిది నిజమా రెండోది నిజమా అని మూడోసారి. ఒకే పొద్దున అన్ని వేళ్ళూ నొప్పెట్టేవి.

రాజేంద్ర ఒకరోజు ఆమె చేతిలోంచి ఆ యంత్రం తీసుకున్నాడు. బెంగళూరు నుంచి వచ్చాక అతను అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

"వారానికి ఒకసారి నేనే చూస్తా. ఇంక ముట్టుకోవద్దు," అన్నాడు. కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు: "నువ్వు తాగినందుకు గాదు ప్రసన్నా. నాతో అబద్ధం చెప్పేంత భయం ఎందుకు నీకు?"

"మీరు వద్దంటారని."

"వద్దనేవాణ్ణే," అన్నాడతను నిజాయితీగా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ పూట ఆమెకు చాలాకాలం తర్వాత కడుపు నిండా తినాలనిపించింది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం జ్యోతి ఫోన్ చేసింది. భరత్‌కు ఊపిరి ఆడటం లేదని పుట్టపర్తి తీసుకుపోతున్నామంది. లక్ష్మీప్రసన్న కొత్తచెరువు మీదుగా పోయేసరికి లోపల డయాలిసిస్ మిషను పెట్టారు. ఎండకు తాళలేక కొలత మించి నీళ్ళు తాగడంతో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. తలుపు అద్దంలోంచి చూస్తే అతను పడుకోలేక, దిండుకు ఆనుకుని కూర్చుని, నోటితో గాలి లాగుతున్నాడు. జ్యోతి అతని వీపు రాస్తూ ఉంది. వసారాలో బెంచీ మీద లలితమ్మ కూర్చుని ఉంది. కూతురు పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"నీ పరీక్ష ఎప్పుడే?"

"ఇంకా టైముండాదమ్మా. చక్కెర దిగేదాకా ఆగాలంట."

"వాడికుండాదా టైము?"

లలితమ్మ గొంతులో కోపం లేదు. ఉత్త ప్రశ్నలాగే అడిగింది. లక్ష్మీప్రసన్న లేచి మళ్ళీ తలుపు అద్దం దగ్గరికి పోయి నిలబడింది. సాయంత్రానికి భరత్ ఊపిరి కుదుటపడింది. అతను కళ్ళు తెరిచి అక్కను చూసి చెయ్యెత్తాడు. ఆమె కూడా చెయ్యెత్తింది. లోపలికి పోయే ధైర్యం మాత్రం రాలేదు.

మర్నాడు ఆమె కాళ్ళు వాటంతటవే జిమ్ము ముందు ఆగాయి. తగ్గాల్సిన బరువు ఇంకా ఉంది. పొడి తాగినప్పుడు దిగిన వేగం గుర్తుకొచ్చింది. వారం తాగి ఆపితే ఏమవుతుంది, ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఆంజనేయులు లోపలినుంచి చూసి బయటికొచ్చాడు.

"ఏమక్కా, కనబడ్డమే లేదు. ఇంకో డబ్బా ఇయ్యల్నా?"

ఆమె జరిగిందంతా చెప్పింది: చక్కెర ఎక్కడం, డాక్టరు మాటలు, తమ్ముడి ఊపిరి. "దీనివల్లే అని ఎవరూ చెప్పలేదప్పా. కాదని కూడా చెప్పలేదు," అంది.

ఆంజనేయులు ముఖం వాడిపోయింది. "మాయమ్మకు కూడా ఇస్తాండానక్కా," అన్నాడు. అతని తల్లి చౌడమ్మ కూడా ఒళ్ళున్న మనిషే, మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. "నాకు మంచే చేసింది, అందరికీ చేస్తాదనుకుంటి. రేపే పిల్చుకుపోయి రక్తం చూపిస్తా."

"ఇప్పుడే పో," అంది ఆమె. డబ్బా అడగకుండా ఇంటికొచ్చింది.

మృగశిర కార్తె వెళ్ళాక ముగ్గురూ మళ్ళీ బెంగళూరు పోయారు. ఈసారి గ్లూకోజు నీళ్ళు తాగి, రెండో రక్తం ఇవ్వడానికి కూర్చున్న ఆ రెండు గంటలూ ఆమెకు గోడ గడియారంలో ముల్లు కదలనట్టే అనిపించింది. రాజేంద్ర పక్కన కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. ఒక్క పేజీ కూడా చదవడం లేదని ఆమెకు తెలుసు.

"పరగడుపుది తొంభై ఆరు. చాలా బాగుంది," అంది డాక్టరు అనుపమ. "రెండు గంటలది నూట నలభై ఏడు. నూట నలభై లోపు ఉండాలంటాం. గీతకు కొంచెం పైన ఉన్నారు. మీ వయసు నలభై దాటి చాలాకాలమైంది, చిన్నవయసు దాతలకున్నంత ముప్పు మీకుండదు, బరువు కూడా బాగా తగ్గారు. మా కమిటీలో పెడితే ఒప్పుకోవచ్చు. కానీ ముందుముందు మీకు చక్కెర రాదని నేను మాట ఇవ్వలేను. అది తెలిసే మీరు నిర్ణయించుకోవాలి."

"పెట్టండి మేడం," అంది లక్ష్మీప్రసన్న వెంటనే.

"వద్దు," అన్నాడు భరత్.

"నువ్వు నోరు మూసుకో. పుట్టపర్తిలో నిన్ను చూసినా నేను."

"చక్కెరకు నాయన కాలు తీసేసిన రోజు నేనూ చూసినానక్కా. ఆ దారిలో నిన్ను తోసి నేను బాగుపడేది యాడుండాది? నీకు భయంగా ఉండాది, అందుకే తొందరపడతాండావు. నాకూ భయమే. అయినా ఈ మిషను మీద ఇంకొన్నాళ్ళు ఉంటా. నీళ్ళు కొలత ప్రకారం తాగుతా, మొన్నటి మాదిరి తప్పు చేయను. నువ్వు పూర్తిగా గీత కిందికి రా, అప్పుడు తీసుకుంటా. లేదంటే తీసుకోను."

ఆమె వాదించింది, ఏడ్చింది. అతను కదల్లేదు. డాక్టరు మధ్యలో కలగజేసుకోలేదు గానీ, చివరికి, "ఆయన చెప్పిందే నేనూ చెప్పేదాన్ని," అంది.

ఆ మాటతో విచిత్రంగా ఆమె గుండెలో బరువు కొంత దిగింది. అప్పటిదాకా తమ్ముడి ప్రాణం మొత్తం తన ఒక్కదాని చేతుల్లోనే ఉందనుకుంది. ఇప్పుడు అతను కూడా ఒక చెయ్యి వేశాడు.

శ్రావణం, భాద్రపదం గడిచాయి. వేరుశనగ వేసినవాళ్ళు ఆకాశం వైపు చూస్తూ గడిపారు. ఆమె నడక మానలేదు. చవితి పండగ రోజు పూర్ణం పెట్టిన ఓళిగలు చేసి అందరికీ వడ్డించి, తను సగం తింది. మిగతా సగం భరత్ లాక్కుని తిన్నాడు. బరువు నిదానంగా, డాక్టరు మొదట చెప్పినంత నిదానంగా దిగింది. ఆంజనేయులు ఒకసారి అంగడికి వచ్చి, తల్లికి చక్కెర ఉందని తేలిందనీ, ఎప్పటినుంచో తెలియదనీ చెప్పాడు. ఇంక డాక్టరు చీటీ లేనిదే ఎవరికీ పొడులు అమ్మనన్నాడు. అదే పొడి తాగిన అతనికి మాత్రం చక్కెర ఏమీ ఎక్కలేదు, గుండ్రాయిలా ఉన్నాడు.

దసరా తర్వాత చేసిన పరీక్షలో రెండు గంటల చక్కెర నూట ఇరవై తొమ్మిదికి వచ్చింది. పొడి ఆపినందుకా, బరువు తగ్గినందుకా, ఇంట్లో దాచే మాట లేకుండా పోయి నిద్ర పట్టినందుకా అని ఆమె అడిగింది. డాక్టరు నవ్వి, "అన్నీ కావచ్చు," అంది. కార్తీకంలో ఆపరేషన్ జరిగింది. బల్ల మీద ఉండగానే అక్క కిడ్నీ తమ్ముడి ఒంట్లో పని మొదలుపెట్టిందని రాజేంద్ర వచ్చి చెప్పినప్పుడు, మత్తు దిగని లక్ష్మీప్రసన్నకు సగమే అర్థమైంది. లలితమ్మ ఆమె పాదాల దగ్గర కూర్చుని, అరికాళ్ళు ఒత్తుతూ ఉండిపోయింది.

ఆరు నెలలయ్యాక ధర్మవరంలోనే లాబులో రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చుంది. ఒక్క కిడ్నీ మనిషిగా ఇది మొదటి పెద్ద పరీక్ష. ఫలితం వచ్చాక, మంచిదైతేనే, ఇంట్లో చెబుదామనుకుని ఒంటరిగా వచ్చింది. కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి రాజేంద్రకు చేసింది.

"లాబు కాడ ఉండా. భయంగా ఉండాది. వస్తారా?"

అతను అంగడి షట్టరు సగం దించి, పక్క అంగడివాళ్ళకు చెప్పి వచ్చాడు. ఆమె పక్కన కూర్చుని, ఎండ తగలకుండా కొంచెం జరిగాడు. లోపలినుంచి పేరు పిలిస్తే ఇద్దరూ లేచి పోయారు. చక్కెర ఉండాల్సిన చోటే ఉంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా. మళ్ళీ ఆరు నెలలకు రమ్మన్నారు.

"ఆరు నెలలు," అంది ఆమె మెట్లు దిగుతూ. "అప్పుడు కూడా ఇట్లే భయపడతానేమో."

"భయపడు. పిలువు, వస్తా," అన్నాడు రాజేంద్ర. భోజనాలకు ముందే మగ్గాలవాళ్ళు జరీకి వస్తారని, ఇద్దరూ అంగడి వైపు నడిచారు.